రేగుచెట్టు కింది గుడ్డు

మా సారు పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో సగం క్షవరం మీద కూర్చుని ఉన్నాను. చేసింది జగిత్యాల నుంచి ఆయన కూతురు. "అంకుల్, నాన్న నిన్న సాయంత్రం పోయిండు" అని ఆ పిల్ల ఏడుస్తుంటే, ఇక్కడ మంగలి కత్తెర ఎత్తి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నెల రోజుల నుంచి ఆస్పత్రిలోనే ఉన్నారు కాబట్టి అనుకోని వార్తేమీ కాదు.

ఏడుపు కాస్త సర్దుకున్నాక అడగకూడని ప్రశ్న ఒకటి అడిగాను. వారం నుంచి మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మాట తిరుగుతోంది. బతికినన్నాళ్ళూ దేవుడు లేడని ఎగిరిండు గానీ, మంచం పట్టంగనే దారికి అచ్చిండట, విభూతి పెట్టించుకున్నడట అని. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

"అమ్మా, నాన్న ఆఖర్ల ఏమన్నా మారిండా?"

ఆ పిల్ల ముక్కు చీదుకుంది. "ఏం మారలే అంకుల్. నర్సమ్మ అచ్చి, దేవుణ్ని తలుసుకో తాతా అంటే, 'ముందుగాల ఆయన నన్ను తలుసుకుంటుండా అడిగి రా బిడ్డా' అన్నడు. మాట పడిపోయినంక సుత సైగ జేసిండు, దేహం మెడికల్ కాలేజీకే ఇయ్యాలె అని. ఇచ్చేసినం."

"అల్‌హమ్దులిల్లా!" అన్నాను.

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి. ఒక నాస్తికుడు నాస్తికుడిగానే పోయాడని అల్లాకు శుక్రియా చెప్పుకున్న ముసల్మాను నా ఎరుకలో నేనొక్కణ్ణే. ఆ పిల్ల ఏడుపులోనే నవ్వింది. "గీ మాట నాన్న ఇనాల్సింది అంకుల్" అంది. ఇద్దరికీ గుండె తేలికైంది. మిగిలిన సగం క్షవరం చేయించుకుని ఇంటికొచ్చాను.

సారూ నేనూ అల్ దోహా అల్ జదీదాలో ఒకే గదిలో చాలా ఏళ్ళు ఉన్నాం. రోడ్ల పక్కన చెట్లు నాటి పెంచే కంపెనీ మాది. ఆయన స్టోర్ కీపర్, నేను టైమ్ కీపర్ని. నాది కోరుట్ల. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. సారు వయసులో ఉన్నప్పుడు హేతువాద సంఘంలో చేరి ఊరూరా తిరిగారట. నిప్పుల మీద నడవడం, నిమ్మకాయలోంచి నెత్తురు కార్చడం, బాబాలు చేసే మాయలన్నీ చేసి చూపించి, ఆ తర్వాత గుట్టు విప్పేవారు. ఆ విద్యలన్నీ గల్ఫుకు కూడా వెంట తెచ్చుకున్నారు. సెలవు రోజున కూలీల క్యాంపుకు పోతే చుట్టూ జనం మూగేవాళ్ళు. నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారేది. అందరూ హా అని నోళ్ళు తెరిచాక, కత్తికి ముందే ఏ మందు పూశారో చెప్పి, ఆ నిమ్మకాయలతో కాకుండా వేరే వాటితో షర్బత్ చేసి పోసేవారు.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "రుజువేది?" పప్పులో ఉప్పు ఎక్కువైందంటే రుజువేది అని గరిటె అందుకునేవారు. బాస్ జీతాలు పెంచుతాడట అంటే రుజువేది. ఈ ఒక్క విషయంలో ఆయన అనుమానం ఎప్పుడూ తప్పు కాలేదు.

దేవుళ్ళను ఎగతాళి చేయడంలో మాత్రం గొప్ప సామరస్యం పాటించేవారు. గది తలుపు వేసుకున్నాక నా దేవుణ్నీ, కింది అంతస్తు మలయాళీల దేవుణ్నీ, తన తాత ముత్తాతల దేవుళ్ళనూ వరసపెట్టి అడగాల్సినవన్నీ అడిగేవారు. నేను కోపం తెచ్చుకుంటే, "కోపమెందుకు మౌలానా, నన్ను దోజఖ్‌ల ఏసేటోడు ఉన్నడు గదా, నువ్వెందుకు కష్టపడతవ్?" అనేవారు. గడ్డం లేకపోయినా ఆయనకు నేను మౌలానానే.

ఇంత నోరున్న మనిషి, శుక్రవారం నేను మసీదుకు పోతే వెంట వచ్చి, బయట మెట్ల దగ్గర కూర్చుని నా చెప్పులకు కాపలా కాసేవారు. ఫ్యామిలీలున్నవాళ్ళు బతుకమ్మ ఆడుకునే రోజు తంగేడు దొరక్క తిప్పలు పడుతుంటే, నర్సరీలో రాలిన పూలు ఏరుకుపోయి ఆయనే కూర్చుని పేర్చేవారు. దేవత ఉందని కాదు. రంగుల వరస తప్పితే చూస్తూ ఊరుకోలేరు, అంతే. రంజాన్ నెలలో నా ముందు గుక్కెడు నీళ్ళు తాగేవారు కాదు. బాత్‌రూమ్‌లోకి పోయి, తలుపేసుకుని తాగి, మూతి తుడుచుకుని వచ్చేవారు.

"తాగండి సారు, నాకేం గాదు" అంటే, "నీకేం గాదు మౌలానా. నాకే గొంతుల దిగదు" అనేవారు.

ఇక చెట్ల మేడం సంగతి. ఆమె వేల్స్ నుంచి వచ్చింది. చెట్లకు డాక్టరు. రోడ్డు వెడల్పు చేసేచోట కొట్టేయాల్సిన పాత చెట్లను వేళ్ళతో సహా తవ్వి తెచ్చి మా నర్సరీలో బతికించడం ఆమె పని. అలా వచ్చిందే ఒక పెద్ద సిద్ర్ చెట్టు. ఇక్కడివాళ్ళకు సిద్ర్ అంటే మర్యాద ఎక్కువ. మావాళ్ళు మాత్రం దాన్ని చూడగానే, "ఓరి, ఇది మన రేగుచెట్టే!" అని సంబరపడ్డారు. ఆ చెట్టు ఆకులన్నీ రాల్చేసి నెలల తరబడి మోడులా నిలబడిపోయింది. అందరూ చచ్చిందనుకున్నారు. మేడం ఒప్పుకోలేదు. పొద్దున రాగానే దాని కాండం మీద అరచెయ్యి ఆనించి ఏదో మాట్లాడేది.

ఆమె మతం గురించి మొదట కూపీ లాగింది సారే. యూరప్‌లో క్రైస్తవం రాకముందు చెట్లనూ, నదులనూ, రుతువులనూ కొలిచిన పాత మతాలు ఉండేవట. ఇప్పుడు కొందరు వాటిని మళ్ళీ మొదలుపెట్టారట. ఆమె అందులో మనిషి. సారు ఇంగ్లీషు కూడా జగిత్యాల యాసలోనే ఉండేది. స్టోర్‌లో టీ తాగుతూ ఆమెను క్రాస్ ఎగ్జామిన్ చేశారు.

"నడుమల వెయ్యేండ్లు మీ దేవతలను ఎవరు మొక్కిన్రు?"

"ఎవరూ మొక్కలేదు" అంది మేడం. "పాత పుస్తకాల్లో మిగిలిన ముక్కలు ఏరుకున్నాం. మిగతాది మేమే కల్పించుకున్నాం."

సారు టీ కప్పు కింద పెట్టేశారు. సొంత మతాన్ని కల్పించుకున్నామని ఒప్పుకున్న భక్తురాలు ఆయనకు అంతవరకు తగల్లేదు. "మరి కల్పించుకున్నదానికి మొక్కుడెందుకు?"

"చెట్టు కల్పించింది కాదు కదా."

ఆ సాయంత్రం గదిలో సారు అదే మాట నాలుగుసార్లు చెప్పుకుని తల విదిలించారు. "పిచ్చిది మౌలానా. ఉన్న దేవుండ్లతోనే మనం సత్తుంటే, పోయినోళ్ళను తవ్వి తెస్తున్నరు వీండ్లు. కానీ అబద్ధం ఆడలే. గందుకు ఇడిసిపెట్టిన." అప్పట్నుంచి ఇద్దరికీ స్నేహం. రోజూ వాదించుకునేవాళ్ళు, రోజూ టీ తాగేవాళ్ళు.

ఆ ఏడు మార్చిలో రంజాన్ నడుస్తుండగా రేగుచెట్టు చిగురు వేసింది. మేడం చిన్నపిల్లలా ఎగిరింది. మర్నాడే వాళ్ళ వసంత పండుగట. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. ఆ రోజు ఆమె అందరికంటే ముందు నర్సరీకి వచ్చి, చెట్టుకు ఎర్రదారం చుట్టి, మొదట్లో గుప్పెడు బార్లీ గింజలు పోసి, ఒక గుడ్డు పెట్టి, వేరే సైటుకు వెళ్ళిపోయింది. ఉల్లిపొట్టుతో ఉడకబెట్టిన గుడ్డు. పసుపుపచ్చగా తేలింది. దాని మీద మైనంతో చుట్లు చుట్లుగా గీతలు.

ఎర్రదారం, గింజలు, పసుపు గుడ్డు, దాని మీద గీతలు. చెట్టు మొదట్లో. మా జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా దీని అర్థం ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నీళ్ళ పైపు లాక్కుంటూ వెళ్ళిన మల్లేశ్, ధర్మపురి దగ్గరి అబ్బాయి, దాన్ని చూసుకోకుండా దాటేశాడు. దాటాక చూశాడు. అక్కడే వాంతి చేసుకుని కూలబడ్డాడు. "దాటిన భాయ్, నేను దాటిన! మంత్రించి పెట్టిందాన్ని దాటిన!" అని నా చెయ్యి పట్టుకుని వణికిపోయాడు. పిల్లాడి ఒళ్ళు మంచులా ఉంది. చూస్తుండగానే పని ఆగిపోయింది. చేతబడి అన్న మాట నర్సరీ అంతా పాకింది. మేడం రోజూ చెట్టు మీద చెయ్యి పెట్టి గొణిగేది మంత్రాలేనని ఒకడు తేల్చాడు. చచ్చిన చెట్టు ఊరికే బతుకుతదా, ఎవరి పానమో పోసింది అన్నాడు ఇంకొకడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు జలదరించింది. జాదూ ఉందని మా పెద్దలూ చెప్పారు. నేను నాలుగడుగులు వెనక్కే నిలబడి ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకున్నాను.

ఫోర్‌మన్ కోనసీమ మనిషి. జాగ్రత్తపరుడు. "నాకెందుకొచ్చిన గొడవండీ సార్" అన్నాడు. "రేపు పొద్దున క్లయింట్ సెక్యూరిటీ ఆయన రౌండుకు వస్తాడు. ఉన్నదున్నట్టు చెప్పేస్తానండీ. తర్వాత తెలిస్తే ముందు నా మెడకే చుట్టుకుంటుంది."

సారు ముఖం నల్లబడింది. ఇక్కడ ఎవరి పూజ వాళ్ళు నాలుగు గోడల మధ్య చేసుకోవాలి. అందులోనూ మంత్రాల మాట చెవిన పడిందంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. నిజానిజాలు తేలేలోపు మేడం ఉద్యోగం పోతుంది, అంతటితో ఆగితే అదృష్టం. పోనీ, మంత్రం కాదు, ఆమె చెట్టుకు మొక్కింది అని చెబుదామా? అది ఇంకో తంటా.

"రేపు పొద్దుగాల దాంక ఆగు" అన్నారు సారు ఫోర్‌మన్‌తో. తర్వాత గుంపులోకి తిరిగారు. "ఇది గుడ్డు. కోడి పెట్టింది. నేను తింట. నాకేమన్న అయితే మీ ఇష్టమున్నోనికి చెప్పుకోండ్రి. ఏం గాకపోతే మాత్రం ఈ ముచ్చట ఇక్కడనే బొంద పెట్టాలె. ఆమె చెవుల సుత పడొద్దు. కబూలా?"

అందరూ తలలూపారు. తినండి చూద్దాం అన్నారు. సారు వంగి గుడ్డు తీసి, పెంకు పగిలేలా దాని మీద వేలితో ఒక్కటిచ్చి, అంతలో నన్ను చూసి ఆగిపోయారు.

"మౌలానా రోజా ఉన్నడు. పొద్దుగూకి మగ్రిబ్ అయినంక తింట."

"సారు, ఇప్పుడు నా రోజా సంగతెందుకు, తినేయండి!" అన్నాను.

"ఊకో. దినాం బాత్‌రూమ్‌ల నీళ్ళు తాగేటోన్ని, ఇయ్యాల నీ ముంగట గుడ్డు తింటనా?"

గుడ్డును రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం డ్యూటీ దిగాక కంపెనీ బస్సులో సారు ముందు సీట్లో కూర్చుంటే మిగతా జనమంతా వెనక సీట్లలో ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా సారు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం, వెనక నలభై కళ్ళు ఆ జేబునే చూడడం. ఆ రోజు సారు మా గదికి రాకుండా క్యాంపు దగ్గరే దిగారు. నేనూ దిగాను.

క్యాంపు మెస్ ముందు ఇఫ్తార్‌కు ప్లాస్టిక్ చాపలు పరిచారు. రోజా ఉన్నవాళ్ళం ఒక వరస. మల్లేశ్ తోటివాళ్ళంతా ఎదురుగా, కాస్త దూరంలో నిలబడ్డారు. నడుమ సారు, ముందు కాగితం మీద పసుపు గుడ్డు. ఎవరి చూపూ ఖర్జూరాల మీద లేదు. దేవుడే లేడనే మనిషి, ఎక్కడి దేవతకో పెట్టిన గుడ్డు ముందేసుకుని, అజాన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

అజాన్ వినపడింది. నేను ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు సారు గుడ్డు పొట్టు తీశారు. "ఉప్పున్నదా?" అన్నారు. ఎవరూ కదల్లేదు. నేనే మెస్‌లోకి పోయి చిటికెడు తెచ్చి ఇచ్చాను. నిమ్మళంగా, నాలుగు ముక్కలు చేసుకుని తిన్నారు. నీళ్ళు తాగారు.

"మంచిగనే ఉన్నది. ఇంకోటి పెడితే బాగుండు ఆ తల్లి."

ఎవరూ నవ్వలేదు. మల్లేశ్ మెల్లగా అన్నాడు. "ఇప్పుడే తెల్వది సారు. మందు ఎక్కాలంటే రాత్రి దాటాలె. తెల్లారి సూత్తం."

అసలు భయం నాకు అప్పుడు పట్టుకుంది. చేతబడి సంగతి అల్లాకెరుక. పొద్దుటి నుంచి చెట్టు కింద, మధ్యాహ్నం జేబులో, మార్చి ఎండలో మగ్గిన గుడ్డది. సారు కడుపు అసలే అంతంతమాత్రం. ఈ రాత్రి ఆయనకు రెండు విరేచనాలైతే చాలు, రేపు మేడం పని అయిపోయినట్టే. ఆ రాత్రి తరావీహ్ నమాజులో ఏళ్ళ తరబడి అడుగుతున్న సొంతింటి సంగతి కూడా మర్చిపోయి ఒక్కటే దువా చేశాను. యా అల్లా, ఈ నాస్తికుడి కడుపు చల్లగా ఉంచు.

గదికి వచ్చేసరికి సారు మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని ఫ్యాన్ చూస్తున్నారు.

"ఏమన్న అనిపిస్తుందా సారు?"

"భయమైతంది" అన్నారు. ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. "మంత్రానికి గాదు మౌలానా. గుడ్డుకు. జీలకర్ర ఉన్నదా?"

జీలకర్ర మరగబెట్టి ఇచ్చాను. ఇద్దరమూ సరిగ్గా పడుకోలేదు. ఆయన ఒత్తిగిల్లినప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. తెల్లవారుజామున సహరీకి లేచి చూస్తే గురక పెడుతున్నారు. ఇంత మంచి గురక ఎక్కడా వినలేదనిపించింది.

పొద్దున నర్సరీ గేటు దగ్గర ముందు ట్రిప్పులో వచ్చిన జనమంతా వరసగా నిలబడి ఎదురు చూస్తున్నారు. సారు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు బస్సు దిగారు. మల్లేశ్ దగ్గరికొచ్చి పైకీ కిందికీ చూశాడు.

"పానం ఎట్లున్నది సారు?"

"నాది మంచిగున్నది. నీదెట్లున్నది?"

మల్లేశ్ తల గోక్కున్నాడు. "మంచిగనే ఉన్నది సారు. రాత్రి అన్నం సుత తిన్న" అని సిగ్గుపడుతూ నవ్వాడు. తర్వాత పైపు భుజాన వేసుకుని రేగుచెట్టు వైపు నడిచాడు. ఫోర్‌మన్ నా పక్కనే నిలబడి, "సరేలెండి, నేనేం చూళ్ళేదండీ" అన్నాడు. సెక్యూరిటీ ఆయన వచ్చాడు, తిరిగాడు, చెట్టు చిగురు చూసి మాషా అల్లా అన్నాడు, వెళ్ళిపోయాడు. నేను ఎరువు బస్తా మీద కూర్చుండిపోయాను. హమ్మయ్య అన్న మాటకు అర్థం ఆ రోజే తెలిసింది.

కానీ అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం మేడం వచ్చింది. నేరుగా చెట్టు దగ్గరికి పోయింది. దారం ఉంది, గింజలు ఉన్నాయి, గుడ్డు లేదు. పక్షి ఎత్తుకుపోయిందా అని నవ్వుతూ స్టోర్‌లోకి వచ్చింది. జరిగింది చెప్పడానికి నేను నోరు తెరిచాను. సారు ఒక్క చూపు చూశారు.

"నేనే తిన్న" అన్నారు ఆమెతో.

"ఎందుకు?"

"ఆకలైంది."

మేడం ముఖం పాలిపోయింది. కోపం కంటే అవమానం ఎక్కువ కనిపించింది. "మీకు నమ్మకం లేదని నాకు తెలుసు. వాదించండి, నవ్వండి, పర్వాలేదు. కానీ అది నేను ఇచ్చింది. ఒకరికి ఇచ్చింది" అంది. సారు తల వంచుకుని సారీ చెప్పారు. ఆయన సారీ చెప్పడం కూడా నాకు అదే మొదలు. ఆమె వినకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె స్టోర్ ముఖం చూడలేదు. సామాన్లు కావాలంటే ఎవరినో పంపేది. సారు రెండు కప్పుల టీ పోయించి, ఒకటి తాగి, రెండోది చల్లారాక పారబోసేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక సాయంత్రం తగులుకున్నాను.

"ఆమె కోసం అంత జేసిన్రు. నిజం చెప్పేస్తే అయిపోతది గదా సారు! మీరు ఆమె దేవతను ఎగతాళి చేసిన్రు అనుకుంటుంది."

"అనుకోనీ."

"ఎందుకు అనుకోవాలె? రేపు అల్ హిలాల్‌ల ఆమె ఇంటికి పోయి నేనే చెప్తా."

సారు నన్ను కూర్చోమన్నారు. తర్వాత చెప్పారు. ఆయనకు ఒక మేనత్త ఉండేదట. మందులు తెలిసిన మనిషి, పసిపిల్లలకు పసరు పోసేది. ఊళ్ళో ఒక పిల్లాడు చనిపోతే మంత్రగత్తె అన్నారు. పట్టుకుని కొట్టి, మంత్రం పలకకుండా ముందరి పళ్ళు ఊడగొట్టారు.

"పండ్లు పోతే ఏమైంది మౌలానా, బతికింది. అంబలి తాగి బతికింది. కానీ ఊరంతా తనను సూసి భయపడుతున్నదని తెల్సినంక, ఆమెకు సుత తన మీద భయం పట్టుకున్నది. నన్ను ఎత్తుకునేటిది గాదు. 'నా చెయ్యి మంచిది గాదు బిడ్డా, అవతలికి పో' అనేటిది. ఒగనాడు ఆ చెయ్యిని పొయ్యిల పెట్టుకున్నది."



"మేడంకు మనోళ్ళు భయపడ్డరని తెల్వద్దు" అన్నారు సారు. "తెలిస్తే రేపు చెట్టు మీద చెయ్యి పెట్టేముందు ఇటు అటు సూసుకుంటది. గట్ల సూసుకోవద్దు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. మూర్ఖుడు అనుకోనీ. నాకేం పోతది?"

ఏం పోతుందో రెండో కప్పు టీ పారబోసినప్పుడల్లా నేను చూస్తూనే ఉన్నాను. కానీ మాటిచ్చాను. క్యాంపులో జనం కూడా, చెప్పుకోవలసిన విషయమే, ఒక్కరూ నోరు విప్పలేదు. మల్లేశ్ అయితే మేడం వస్తే ముందే పరిగెత్తి నిచ్చెన వేసేవాడు. ఇప్పుడు ఆమె తన దేశంలో ఉంది, తెలుగు రాదు, సారు లేరు. అందుకే రాస్తున్నాను.

కోపం ఎప్పటికీ పట్టుకుని ఉండే మనిషి కాదు మేడం. వాన పడ్డ ఒక రోజు, తడుస్తూ స్టోర్‌లోకి వచ్చి, ఆ రెండో కప్పు అందుకుంది. వాదనలు మళ్ళీ మొదలయ్యాయి. అయినా సారు మనసులో ఒక అనుమానం మిగిలిపోయింది. ఎవరైనా చెప్పారేమో, ఆమెకు తెలిసి కూడా దాస్తోందేమో అని. ఆమె చెట్ల దగ్గరికి పోతుంటే కిటికీలోంచి చూసేవారు. ఆమె ఇటు అటు చూసుకుంటుందా అని వెతికే ఆ చూపు నాకు తెలుసు.

మరుసటి ఏడు వసంతం కూడా రంజాన్‌లోనే వచ్చింది. రేగుచెట్టు అప్పటికి గుబురుగా ఎదిగింది. సారు పొద్దుటి నుంచి స్టోర్ తలుపు దగ్గరే నిలబడ్డారు, పని చేస్తున్నట్టు నటిస్తూ. ఈసారి ఆమె ఎవరి కంటా పడకుండా చీకటితోనే వచ్చిపోయిందేమో, అసలు రాదేమో, ఇంట్లోనే తలుపులు వేసుకుని కానిచ్చేస్తుందేమో అని నాతో నాలుగైదు రకాలుగా అన్నారు. జనమంతా డ్యూటీలో ఉన్నారు. బాగా పొద్దెక్కాక మేడం కారు దిగింది. బుట్ట పట్టుకుని, అందరి మధ్య నుంచి, తిన్నగా చెట్టు దగ్గరికి పోయింది. అక్కడ నీళ్ళు పెడుతున్న మల్లేశ్ పైపు పక్కకు తిప్పి, ఆమె పని అయ్యేదాకా ఆగాడు. ఆమె దారం చుట్టింది. గింజలు పోసింది. వాళ్ళ భాషలో ఏదో పాట గొంతెత్తి పాడింది. స్వరం ఏమంత బాగాలేదు. గుడ్డు పెట్టి, కాండం మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఇటు అటు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

తర్వాత వెనక్కి తిరిగి, స్టోర్ వైపు వేలు చూపిస్తూ, నర్సరీ అంతా వినపడేలా అరిచింది. "ఓ పెద్దమనిషీ! ఎంత ఆకలైనా సరే, ఈసారి మాత్రం తినొద్దు!"

అందరూ ఘొల్లున నవ్వారు. మల్లేశ్ పైపు వదిలేసి మరీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, తన జోకు అంత బాగా పేలినందుకు ఆశ్చర్యపోతూ. సారు నవ్వు నాకు వినపడలేదు. తిరిగి చూస్తే తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"తెల్వదు మౌలానా" అన్నారు నా భుజం పట్టుకుని. "ఆమెకు తెల్వనే తెల్వదు."